ఆపితే ఏడ్చే ఏనుగుపిల్ల

అక్క కూతురు చిట్టి సోఫాలో కాళ్ళు ముడుచుకుని కూర్చుంది. పిన్ని ఇంటికి వచ్చినప్పటి నుంచి ఫోను వదల్లేదు. తినమన్నా లేవలేదు. సోఫా తడిసిన సంగతి అక్క చెయ్యి పెట్టి చూసేదాకా ఎవరికీ తెలియలేదు.

"ఇంత గాడిదవయ్యావు. బాత్‌రూముకి లేవాలని కూడా నేనే చెప్పాలా?" అంటూ అక్క చెయ్యెత్తింది.

"నేను ఆట ఆపితే ఏనుగుపిల్ల ఏడుస్తుందమ్మా," అంది చిట్టి.

పాలగ్లాసుతో వస్తున్న చెల్లెలు గుమ్మంలోనే ఆగిపోయింది. ఆ ఏనుగుపిల్లకు ఏడుపు నేర్పింది తనే.

చదువు మధ్యలో ఆగిపోయినా, పెళ్ళయ్యాక ఫోనులో పాఠాలు చూసి ఆటలు తయారు చేయడం సొంతంగా నేర్చుకుంది. కొడుకు పండు పడుకున్నప్పుడల్లా వంటగది బల్ల దగ్గర కూర్చుని, రెండేళ్ళు కష్టపడి ఒక నత్త ఆట చేసింది. వాన వెలిశాక నత్త గోడ దాటుతుంది, అంతే. ఆట ఆపాలనిపిస్తే అది చిప్పలోకి ముడుచుకుని పడుకుంటుంది. మళ్ళీ వచ్చేదాకా ఎవరినీ ఏమీ అడగదు. దాని కొమ్ములు కదిలే తీరు కుదరడానికే ఒక వేసవంతా పట్టింది. తీరా చూస్తే, కొన్నవాళ్ళందరూ చుట్టాలే.

"నీ నత్త గోడ దాటేలోపు మనం ఇల్లు ఖాళీ చేసేలా ఉన్నాం," అన్నాడు భర్త నవ్వుతూనే. తిట్టినా అంత తగిలేది కాదు. కూటి కోసం కోటి విద్యలనుకుని, పిల్లల ఆటలు చేసే కంపెనీకి ఇంటి నుంచే పనికి కుదిరింది.

మేనేజరు మర్యాదస్తుడు. "ఆపే బటన్ నొక్కి పిల్లలు వెళ్ళిపోతున్నారమ్మా. వెళ్ళబుద్ధి కాకుండా ఏదైనా చెయ్యండి," అన్నాడు.

ఆపితే ఆటలోని ఏనుగుపిల్ల ఏడ్చేలా చేద్దామని ఏవేవో ఏడుపులు వెతికింది. ఒక్కదానిలోనూ ప్రాణం లేదు. ఒకరోజు బజారుకు బయల్దేరుతుంటే పండు తలుపు పట్టుకుని వెక్కివెక్కి ఏడ్చాడు. ఎత్తుకోవాల్సిన చేత్తో ఆమె ఫోను తీసి రికార్డు నొక్కింది. ఆ ఏడుపునే కాస్త సన్నం చేసి ఏనుగుపిల్ల నోట పెట్టింది. మేనేజరు పొంగిపోయాడు. జీతం పెంచి, ఇంకా పెద్ద ఏడుపు ఒకటి కావాలన్నాడు. రేపటికల్లా పంపాలి.

"ఎవరు చేశారో గానీ, పిల్లలు లేనివాళ్ళై ఉంటారు," అంది అక్క, ఫోను లాక్కుంటూ.

"అంతేలే అక్కా," అంది చెల్లెలు, తేలు కుట్టిన దొంగలా.

అక్క ఆపే బటన్ నొక్కింది. ఏనుగుపిల్ల ఏడుపు అందుకుంది. లోపల ఆడుకుంటున్న పండు పరుగెత్తుకొచ్చాడు. ఫోనును బుజ్జి చేత్తో నిమురుతూ, "ఏడవకు, అమ్మ వచ్చేస్తుంది," అన్నాడు. ఆమె బయటికి వెళ్ళినప్పుడల్లా నాన్న వాడికి చెప్పే మాట అది.

ఆమెకు ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"అక్కా, అది చేసింది నేనే. ఆ ఏడుపు వీడిదే."

"ఊరుకోవే, నీ వేళాకోళం," అని అక్క చెల్లెలి ముఖంలోకి చూసింది. చూశాక ఫోను బోర్లా పెట్టేసింది. రెండు చీవాట్లు పెట్టినా బాగుండేది.

చిట్టే అడిగింది. "అప్పుడు వాణ్ణి ఎత్తుకున్నావా పిన్నీ?"

"ఎత్తుకున్నాను."

"వెంటనే?"

"లేదమ్మా. రికార్డు అయ్యాక."

 చిట్టి పండును తన పక్కకు లాక్కుని వాడి భుజం చుట్టూ చెయ్యి వేసింది.

చెల్లెలు వంటగదిలోకి వెళ్ళి మేనేజరుకు ఫోను చేసింది. "పెద్ద ఏడుపు నేనివ్వను సార్. ఉన్నదీ తీసేయండి. నా కొడుకుది."

"మీరు కాకపోతే ఇంకొకరిస్తారమ్మా," అన్నాడు ఆయన ఎంతో నెమ్మదిగా. "ఉన్నది మాత్రం మాది. సంతకం పెట్టారుగా. రేపటి నుంచి మీకు పని లేదనుకోమంటారా మరి?"

"అనుకోండి," అంది.

వెనక్కి తిరిగితే చిట్టి గుమ్మంలో ఉంది.

"తీసేస్తారా పిన్నీ?"

"తీయరట."

"మరి అందరి ఫోనుల్లోనూ వాడు ఏడుస్తూనే ఉంటాడా?"

"ఉంటాడమ్మా," అంది ఆమె. సాయంత్రం భర్త వస్తాడు. ఉద్యోగం పోయిన సంగతి ఎలాగోలా చెప్పగలదు. పండు ఏడుపును అమ్ముకున్నానని ఎలా చెప్పాలో తోచక స్టవ్వు గట్టు పట్టుకుని అలాగే నిలబడింది.