యేసన్న అడిగిన వాకిలి

విక్టోరియా రాణి కాలంలో తెల్లదొరలు గీయించిన యేసు గుడి నమూనాను యేసన్న వెదురుగొట్టంలో పెట్టి కాపాడుకుంటూ వచ్చాడు. మొనదేలిన కిటికీలు, ఆకాశాన్ని పొడిచే గోపురం. ఆ గుడి కోసమే వాళ్ల నాయన రాళ్లు కొట్టాడు. పునాది లేచేసరికి కరువు వచ్చిపడింది. గుడి ఆగిపోయింది. బత్తలపల్లె పక్కనున్న వాళ్ల పల్లెలో క్రైస్తవులు అప్పటినుంచీ బోదగడ్డి కప్పిన కొట్టంలోనే ప్రార్థన చేసుకుంటున్నారు.

పందొమ్మిది వందల యాభై ఆరులో మళ్లీ గుడి మాట లేచింది. కొత్తగా వచ్చిన పాస్టరు బాలప్ప ఇంకో నమూనా తెచ్చాడు. పొడవాటి చావడి, మూడు వైపులా వసారా. గోపురం లేదు.

"ఇది గుడా, గొడ్లసావిడా అయ్యా?" అన్నాడు యేసన్న.

"గోపురానికయ్యే రాయితో వసారా అంతా లేస్తాది యేసన్నా."

యేసన్న తన కాగితం పరిచాడు. అందరూ వంగి చూసి బాగుందన్నారు. వెనక నుంచి అతని భార్య నల్లమ్మ అడిగింది: "దీంట్లో ఆడోళ్లం యాడ కూచోవాల?"

వేలు పెట్టి చూపబోయి ఆగిపోయాడు. లోపల ఇరుకు. పల్లెలో సగంమంది కూడా పట్టరు. చంటిబిడ్డలను చంకనేసుకుని ఆమె కొట్టం బయట ఎండలో నిలబడి పాడటం ఎన్నేళ్లుగానో చూస్తూనే ఉన్నాడు. కానీ ఆ కాగితంలో మనుషులను పెట్టి ఎన్నడూ చూసుకోలేదు.

చేతులెత్తమన్నప్పుడు యేసన్న వసారా గుడికే చెయ్యెత్తాడు. "ఒకటడుగుతా అయ్యా. వాకిలి మాత్రం మా నాయన కొట్టిన రాళ్లతో, మొనదేలిన కమానుగా కట్టియ్యాల," అన్నాడు. బాలప్ప సరేనన్నాడు.

గోడలు కట్టే బేల్దారి కొండప్పకు అలాంటి కమాను కొత్త. కింద ఊతగా పెట్టిన ఆనుకర్రలు తీయగానే కుప్పగా కూలింది.

"వద్దులేప్పా. మామూలు వాకిలే పెట్టు," అన్నాడు యేసన్న, మొహం పక్కకు తిప్పుకుని.

"నువ్వు వద్దంటే సరిపోతాదా? నాకు సిగ్గుగా ఉండాది. మళ్లా కడతా."

ఆడవాళ్లు రాళ్లు ఏరి అందించారు. పాస్టరు సున్నం మోశాడు. ఈసారి కమాను నిలిచింది, కాస్త ఎడమకు ఒరిగి.

గుడి తెరిచిన ఆదివారం వసారా అంతా జనం. నల్లమ్మ మనవరాలిని ఒళ్లో పెట్టుకుని నీడలో కూచుంది. యేసన్న ముందు వరసకు పోకుండా గడప పక్కనే చతికిలబడ్డాడు. పాట మొదలైంది. అతను నాయన కొట్టిన రాయికి వీపు ఆనించి పెదవులు కదిలించాడు.