గట్టు మధ్య పేరు

బందరు కోనేరు సెంటరులో ఇప్పుడు కంప్యూటర్లున్న మేడ మీద ఒకప్పుడు టైపు నేర్పేవారు. అంతకుముందు ఓ హోమియో డాక్టరుండేవాడు, చేతివాసి మంచిదే గానీ మహా కోపిష్టి. అదలా ఉంచితే, రెండువేల మూడులో గ్రేస్ రోజూ తొమ్మిదింటికి ఆ మేడెక్కి, బంటుమిల్లి దగ్గరున్న తన ఊరికి వెబ్ పేజీ తయారుచేసేది. పేజీలో ఒక్కో చేనూ ఒక్కో పెట్టె. పెట్టె చుట్టూ బయట వదిలే ఖాళీని, పేజీ కొలతలు రాసే స్టైల్ షీటులో మార్జిన్ అంటారు. ఆమె అక్కడ పది పిక్సెళ్లు రాస్తే ఊళ్లో పది అడుగుల ఎడం వచ్చేది.

"అమ్మాయ్, మా పాకకి ఎడంపక్క ఓ ఆరు పెట్టు, బండి తిరగట్లేదు" అని ఊళ్లో ఆనందమ్మ బస్సులోనే చెప్పి దిగిపోయేది.

ఆ జూలైలో గ్రేస్ తండ్రి సీమోను నారుమడి కొసలు ఎర్రబారాయి. ఎగువన బంగార్రాజు గారు తవ్వించిన రొయ్యల చెరువులోంచి ఉప్పునీరు దిగుతోంది. యాభై అడుగుల ఎడం ఉంటేగాని ఆగదు. తన వైపు ముప్పై వదలడానికి ఆయన ఒప్పుకున్నారు, ఇరవైకి సీమోను. సోమవారం చెరువు మళ్లీ నింపుతారు.

గ్రేస్ చెరువుకి కింద ముప్పై, చేనుకి పైన ఇరవై రాసింది. శుక్రవారం సీమోను తాడు పట్టి కొలిచాడు. ముప్పయ్యే.

"నా ఇరవై ఏమైందండీ?" అని బంగార్రాజు గారిని అడిగాడు.

"నన్నడుగుతావేం సీమోనూ! మీ అమ్మాయి కంప్యూటరు మింగిందేమో చూసుకో."

గ్రేస్ పుస్తకం తిరగేసింది. మధ్య అడ్డేమీ లేకుండా పై పెట్టెదీ కింది పెట్టెదీ రెండు మార్జిన్లు తగిలితే కూడవు. పెద్దదే నిలుస్తుంది, చిన్నది అందులో మునిగిపోతుంది. రెండు చేలకీ ఒకటే గట్టు ఉన్నట్టు. చేలల్లో పెరిగిన పిల్ల, అయినా కూడిక వేసుకుంది.

మధ్యలో ఖాళీ పెట్టె పెట్టింది. లాభం లేదు. అందులో రాయి అని రాస్తే బురదలో కుంగిపోయింది. అరటి అని రాస్తే ఉప్పుకి మాడిపోయింది.

సోమవారం పొద్దున తండ్రిని మేడ మీదికి తీసుకొచ్చింది.

"లోపల నిలిచేదేదో ఉండాలి నాన్నా."

"నా పేరు రాయి."

"రాస్తే నువ్వక్కణ్ణించి కదలడానికుండదు."

"ఇప్పుడు మాత్రం ఎక్కడ తిరుగుతున్నానే? పదకొండింటికి మోటారు వేస్తారు. రాయమ్మా."

గ్రేస్ కీబోర్డు దగ్గరికి లాక్కుంది. సీమోను అని కొట్టి, సేవ్ చేసి తలెత్తేసరికి పక్క కుర్చీ ఖాళీగా ఉంది. చెప్పులు గుమ్మం దగ్గరే ఉన్నాయి.

బస్సు దిగి పరుగెత్తింది. చెరువుకి ముప్పై అడుగులు ఇవతల, చేనుకి ఇరవై అడుగులు అవతల, తుండుగుడ్డ నెత్తినేసుకుని తండ్రి కూర్చుని ఉన్నాడు. వారానికి నారు పచ్చబడింది. పొద్దుటిపూట బంగార్రాజు గారే ఫ్లాస్కుతో కాఫీ తెచ్చి, కాసేపు ఎదురుగా నిలబడి వెళ్తున్నారు.

గ్రేస్‌ని గుడివాడలో మంచి జీతానికి పిలిచారు. వెళ్లలేదు. ఆ మేడ మీదే పాఠాలు చెబుతోంది. ఎవరైనా ఆ ఊరి పేజీ తెరిచి డిలీట్ మీద వేలు పెడితే, చెప్పే మాట సగంలో ఆపి లేచి నిలబడుతుంది.