అరవని పిల్ల

ఎస్టాన్సియా రేవు బజారులో నా ఎండుచేపల కొట్టు వెనకే పెర్లిటా కాపురం. ఆమె మొగుడు చర్చిలోని పాత బొమ్మలు బాగుచేస్తాడు. నేను ఎదురుకాళ్ళతో పుట్టాను. అలా పుట్టినవాళ్ళు గొంతు నిమిరితే ఇరుక్కున్న చేపముల్లు దిగిపోతుందని మావాళ్ళ నమ్మకం. నేను ఔననలేదు, కాదనలేదు. ముల్లు దిగినవాడు చేప కొనకుండా పోడు.

ఆ మధ్యాహ్నం పెర్లిటా రెండేళ్ళ కూతురు నెనెంగ్‌ను ఎత్తుకుని పరుగెత్తుకొచ్చింది.

"మనాంగ్ సిద్రా, అక్కా, ముల్లు! తొందరగా నిమురు!"

వెనకే ఆమె అత్త, ఊరంతా లోలా, అంటే అవ్వ, అని పిలిచే ఉపింగ్. "ఏడవకే పెర్లిటా. సిద్రా చెయ్యి పడితే తిమింగలం ముల్లయినా దిగాల్సిందే."

జనం నవ్వుతూ మూగారు. నేను చెయ్యి చాచి, ఆగాను. ముల్లు గుచ్చుకున్న పిల్ల ఏడుస్తుంది, దగ్గుతుంది. ఈ పిల్ల నోరు బావిలా తెరుచుకుని ఉంది. లోపలినుంచి చప్పుడే లేదు. పెదవులు నేరేడుపండు రంగు. కళ్ళు నన్నే చూస్తున్నాయి.

నిమురుతూ కూర్చుంటే పిల్ల పోతుంది. కొట్టాక పోతే నేనే చంపానంటారు. ఆ లెక్క తేలడానికి ఎంతోసేపు పట్టలేదు.

"ముల్లు కాదు, ఊపిరాడట్లేదు! ఎవరైనా బండి పిలవండి!"

ఊరి మంత్రసాని నేర్పినట్టే పిల్లను తొడమీద బోర్లా వేసి, తల కిందికి వాల్చి, వీపు మీద రెక్కల మధ్య గట్టిగా చరిచాను.

"నిమరమంటే చంపుతావేంటే!" లోలా నా మణికట్టు పట్టుకుంది. "ఇంకా లోపలికి దిగుతుంది!"

"వదులు లోలా! ఏడిచే పిల్లయితే నిమిరేదాన్నే."

విదిలించుకుని మళ్ళీ చరిచాను. ఐదు దెబ్బలు వేసినా ఏమీ రాలేదు. పిల్లను నిలబెట్టి, వెనకనుంచి బొడ్డుకు పైన పిడికిలి ఆనించి లోపలికీ పైకీ నొక్కాను. ఇంకోసారి. ఇంకోసారి. తడి సిమెంటు మీద ఏదో టక్కున పడి, దొర్లి, ఆగింది.

గాజు కన్ను. వాళ్ళ నాన్న బొమ్మలకు పెట్టేది. నల్లటి కనుపాప పైకి తిరిగి మమ్మల్ని చూస్తోంది.

అప్పుడు అరిచింది నెనెంగ్.

పిల్లను ఆసుపత్రికి తీసుకెళ్ళారు. లోపల ఇంకేమీ లేదన్నారు. నేలమీది ఆ గాజు కన్ను తియ్యడానికి మాత్రం ఎవరూ వంగలేదు. బజారు పిల్లి వచ్చి వాసన చూసి, వెనక్కి వెనక్కి నడిచింది.

సాయంత్రానికి లోలా ఊరంతా చాటింది. "సిద్రా చెయ్యి మహిమ!"

"చెయ్యి కాదు లోలా, దెబ్బ."

"ఆ దెబ్బ ఏ చేతిదే మరి?"

ఇప్పుడు నెనెంగ్ రోజూ నా కొట్టు ముందు ఆగుతుంది. నావైపు చూసి నోరు పూర్తిగా తెరుస్తుంది. చప్పుడు చెయ్యదు. ఆటేనని నాకు తెలుసు. కొనేవాళ్ళు విసుక్కుంటారు, కొందరు పక్క కొట్టుకు పోతారు. పోనీ. దాని గొంతు వినిపించేదాకా నేను తక్కెడ ముట్టను.