చూశాను, బాగుంది

పొద్దున తొమ్మిదింటికి పోన్సియానో పదిహేడో ఫొటో దగ్గర ఆగిపోయాడు. చెరకు రైతుల సంఘం వాళ్ళ వెబ్‌సైటు అది. ఫొటోలో ఓ పెద్దాయన ట్రాక్టరు పక్కన నిలబడి నవ్వుతున్నాడు. చూపు లేనివాళ్ళకి ఫోన్ ఆ ఫొటోని చదివి వినిపించాలంటే, ఎవరో ఒకరు కూర్చుని దాని వెనక రెండు ముక్కలు రాసి పెట్టాలి. రాయకపోతే ఫోన్ "బొమ్మ" అనేసి ముందుకి పోతుంది. "చెరకు రైతు, కొత్త ట్రాక్టరు పక్కన" అని రాశాడు. చెరిపాడు. ట్రాక్టరు కొత్తదని తనకెవరు చెప్పారు? మళ్ళీ రాశాడు. నాలుగు రోజులుగా ఇదే వరస. ఒక్కో మాటా పదిసార్లు చూసుకుంటే గాని వదలడం లేదు. ఈ బుద్ధి ముందే ఉండాల్సింది.

జింజా ఊళ్ళో పోన్సియానోని ఎవరూ పెద్దగా పట్టించుకోరు. పట్టించుకోవడానికి ఏముంది కనక. నలభై నాలుగేళ్ళ పొట్టి మనిషి, కాళ్ళీడ్చుకుంటూ నడుస్తాడు. వయసులో ఉండగా పన్నెండేళ్ళపాటు నిచ్చెనెక్కి దుకాణాలకి బోర్డులు రాశాడు. మిషను మీద అచ్చేసిన బోర్డులొచ్చి ఆ పని పోయాక, ఇంటర్నెట్ సెంటర్లో గంటకింత ఇచ్చి కూర్చుని వెబ్‌సైట్లు చెయ్యడం నేర్చుకున్నాడు. అక్షరం అందంగా ఉంటే దారిన పోయే మనిషి ఆగి చూస్తాడని అతని నమ్మకం. ఆ నమ్మకమే కొంప ముంచింది.

ఇప్పుడతను పనిచేసే వెబ్‌సైట్ల ఆఫీసులో తయారైన ప్రతి పేజీనీ ఎదీసా పరీక్ష చేస్తుంది. అరవై మూడేళ్ళ మనిషి. చిన్నప్పుడు తట్టు పోసి కళ్ళు పోయాయి. బట్టల మిల్లులో టెలిఫోన్ ఆపరేటరుగా చేసి, మిల్లు మూతపడ్డాక ఈ పనిలోకి వచ్చింది. వారానికి రెండు రోజులు కిటికీ పక్కన కూర్చుని, ఫోన్ చెవికి ఆనించుకుని, కుడిచేతి చూపుడువేలితో పేజీని పైనించి కిందకి తడుముతుంది. ఎక్కడైనా దారి తప్పితే, "గుమ్మం అనుకుని గోడకి ముద్దు పెట్టాను నాయనా, రాసుకో" అంటుంది.

ఆఫీసుకి ఓ నియమం ఉంది, అదీ ఆవిడ పెట్టిందే. తప్పు సరిచేసినవాళ్ళు కంప్యూటరు మీద గుడ్డ కప్పి, పేజీని ఫోన్‌లో చెవులతో విని, ఆ తర్వాతే 'అయింది' అని రాయాలి. గుడ్డలు కూడా తన పాత గౌను చింపి అందరికీ పంచింది. "మీ కళ్ళకి కాసేపు సెలవివ్వండి, అవి మిమ్మల్ని మెప్పించడానికి అబద్ధాలాడతాయి" అనేది.

ఆసుపత్రి వెబ్‌సైటు చేసినప్పుడు ఎదీసా ఇరవై తొమ్మిది తప్పులు రాయించింది. డాక్టరు కోసం రోజు ఖాయం చేసుకునే పేజీ అది. ఇరవై ఎనిమిదింటినీ పోన్సియానో ఓపిగ్గా సరిచేశాడు. ఆఖరిది మిగిలింది. 'రోజు ఎంచుకున్నాక ఫోన్ ఏమీ అనడం లేదు. అయినట్టా, కానట్టా?' ఆ రోజు శుక్రవారం, సాయంత్రం నాలుగున్నర. మబ్బు పట్టింది. వాన మొదలైతే ఇంటికెళ్ళడానికి బోడా, అదే కిరాయి మోటారుసైకిలు, దొరకదు. పేజీ తెరిచి చూశాడు. 'ఖాయం చేయి' అన్న ఆకుపచ్చ బటన్ కళ్ళకి కొట్టొచ్చినట్టు కనిపిస్తోంది. రెండు రోజులు కూర్చుని తనే గీశాడు దాన్ని. బొమ్మగా గీసి, ఆ బొమ్మకి పేరు పెట్టడం మరిచిపోయాడు. పేరు లేని బొమ్మ ఫోన్ లెక్కలో లేనట్టే. గుడ్డ కప్పి ఉంటే అర నిమిషంలో బయటపడేది. కప్పలేదు. 'చూశాను, బాగుంది' అని రాసేసి వెళ్ళిపోయాడు. తీరా చూస్తే వాన రాలేదు.

ఆ మాట ఎదీసా నమ్మింది. ఆసుపత్రి వాళ్ళు సైటుని వాడకంలో పెట్టగానే, తన కాలి పుండు చూపించుకోవడానికి అదే పేజీలో రోజు ఎంచుకుంది. ఫోన్ ఏమీ అనలేదు. పోన్సియానో బాగుందన్నాడు కనక, ఏమీ అనకపోతే అయినట్టేనని అనుకుంది. తీరా ఆ రోజు వెళితే జాబితాలో పేరు లేదు. షుగరు పుళ్ళు చూసే డాక్టరు నెలకొక్కసారే వస్తాడు. పై నెల రమ్మన్నారు. పై నెల వచ్చేసరికి పాదం నల్లబడిపోయింది. మోకాలి కిందకి తీసేశారు. అయినా విషం ఒళ్ళంతా పాకింది. నాలుగు రోజుల కిందట మేనకోడలు కగోయా ఆఫీసుకి ఫోన్ చేసి ఇదంతా చెప్పి, "అత్తయ్య ఎక్కడో తప్పు నొక్కిందంటన్నా" అంది. ఫోన్ ఎత్తినవాడు పోన్సియానో.

అతను ఆ మాటకి ఊఁ అన్నాడు.

పదిన్నరకి యజమానురాలు ముతేసి అతని బల్ల మీద ఓ కాగితం పెట్టింది. "ఆసుపత్రి వాళ్ళ ఆఖరి కాగితం, పోన్సియానో గారూ. తప్పులన్నీ సరిచేశామని ఉంది. సాయంత్రంలోగా సంతకం పెట్టెయ్యండి."

"మేడం, అందులో ఒకటి..."

"ఏంటి?"

"ఏం లేదు."

"ఎదీసా పెద్దమ్మ మిమ్మల్ని రమ్మని కబురు పెట్టింది. మధ్యాహ్నం వెళ్ళి రండి. ఆఫీసు తరఫున పళ్ళు పట్టుకెళ్ళండి, షుగరు మనిషి, అరటిపళ్ళు మాత్రం వద్దు" అని ముతేసి వెళ్ళిపోయింది.

ఇంటినుంచి తెచ్చుకున్న చిలగడదుంపలూ వేరుశనగ పులుసూ డబ్బాలోనే ఉండిపోయాయి. రెండు నారింజలు కొనుక్కుని ఆసుపత్రికి నడిచాడు. దారంతా చెప్పాల్సిన మాట వల్లె వేసుకున్నాడు. "తప్పు నీది కాదు పెద్దమ్మా, నాది." ఐదు ముక్కలు. బడిపిల్లాడు కూడా అప్పజెప్పగలడు.

వార్డు బయట గడ్డి మీద రోగుల బట్టలు ఆరేసి ఉన్నాయి. ఎదీసా మంచం చివరి వరసలో ఉంది. దుప్పటి ఒక పక్క మోకాలి దాకా ఎత్తుగా ఉండి, ఆ తర్వాత పరుపుకి అంటుకుపోయింది. అతను అటు చూడకుండా తల తిప్పుకున్నాడు.

"పోన్సియానోవే" అంది ఆవిడ. "జింజా మొత్తానికి చెప్పుల్ని ఇంత హింస పెట్టేవాడివి నువ్వొక్కడివే. కూర్చో. నాకిప్పుడు ఒక్క చెప్పు చాలు. సగం ధరకి ఇస్తారేమో కనుక్కో."

కింద చాప మీద కూర్చున్న కగోయా, "నిన్నట్నించీ ఇవే హాస్యాలన్నా. డాక్టర్లు కూడా నవ్వలేక చస్తున్నారు" అంది.

"నువ్వుండవే. నాయనా, కాగితముందా? ఆఫీసుకి చీటీ రాయి. ఇకమీదట నాకు పేజీలు పంపొద్దు. నా వేలు తప్పు నొక్కడం మొదలెట్టింది. నేను బాగుందంటే బాగుందని మీరు సంతకాలు పెడతారు. నా తప్పు నాకే తెలీనప్పుడు ఇంకా జీతం తీసుకోవడం అన్యాయం. రాశావా?"

"రాస్తున్నాను."

ఎదీసా ఆ వేలుని మొహం ముందు పెట్టుకుంది. కొస అరిగి నున్నగా మెరుస్తోంది. "నలభై ఏళ్ళు అన్నం పెట్టింది నాకు. దీన్ని తిట్టబుద్ధి కావడం లేదు. ముసలిదైపోయింది, అంతే."

"పెద్దమ్మా" అన్నాడు పోన్సియానో.

"ఏం నాయనా?"

అతను నారింజ ఒకటి చేతిలోకి తీసుకున్నాడు. "నారింజ వలవనా?"

"వలు" అంది ఆవిడ. చీటీ కింద వంకరగా సంతకం పెట్టి అతనికిచ్చింది. అతను దాన్ని మడిచి జేబులో పెట్టుకుని, తనని తాను తిట్టుకుంటూ బయటికొచ్చాడు. మనిషన్నవాడు చేసే పనేనా ఇది? కాలు పోగొట్టుకున్న మనిషి తన వేలుని తప్పు పడుతుంటే, కాగితం పెట్టి ఆ మాట రాసిపెట్టాడు.

ఆఫీసుకొచ్చి సొరుగులోంచి గుడ్డ తీశాడు. కంప్యూటరు మీద కప్పి, కళ్ళు మూసుకుని, ఫోన్‌లో ఆసుపత్రి పేజీ తెరిచాడు. వేలితో తడుముతూ పోయాడు. పేరు అడిగింది, చెప్పాడు. ఊరు అడిగింది, చెప్పాడు. రోజు ఎంచుకున్నాడు. ఆ తర్వాత ఏమీ లేదు. వేలు కిందకి జరిపితే పేజీ అడుగున ఉన్న ఆసుపత్రి చిరునామా చదివింది. పైకి జరిపితే మళ్ళీ రోజు చదివింది. మధ్యలో తన ఆకుపచ్చ బటన్ ఉందని అతనికి తెలుసు. తెలిసి కూడా దొరకలేదు. మూడుసార్లు వెతికాడు. సిగ్గుతో కాసేపు గుడ్డ తియ్యలేకపోయాడు.

సరిచెయ్యడానికి పదకొండు నిమిషాలు పట్టింది. బటన్‌కి పేరు పెట్టాడు. నొక్కగానే 'మీ రోజు ఖాయమైంది' అని ఫోన్ చెప్పేట్టు చేశాడు. గుడ్డ కప్పి ఆరుసార్లు విన్నాడు.

నాలుగింటికి ముతేసి వచ్చి, "సంతకం?" అంది.

"ఇవాళ పెట్టను మేడం. ఎందుకో ముందు పెద్దమ్మకి చెప్పాలి. తర్వాత మీకు చెబుతాను. ఆ తర్వాత నన్ను ఉంచుతారో పంపిస్తారో మీ ఇష్టం."

ముతేసి అతని మొహం చూసి, కాగితం తీసుకుని వెళ్ళిపోయింది.

ఐదున్నరకి వార్డులో రోగుల వాళ్ళు అన్నం గిన్నెలు దించుకుంటున్నారు. పోన్సియానో కూర్చోలేదు. నిలబడే చెప్పాడు. ఇరవై తొమ్మిదో తప్పు గురించి, బటన్ గురించి, తను రాసిన రెండు మాటల గురించి మొత్తం చెప్పాడు. మధ్యలో ఆగితే మళ్ళీ చెప్పలేనని గబగబా చెప్పేశాడు.

ఎదీసా అంతా విన్నాక, "గుడ్డ కప్పావా?" అంది.

"లేదు."

"ఎందుకని?"

"వాన వస్తుందనుకున్నాను."

కగోయా చేతిలోని గిన్నె నేల మీద పెట్టింది. అతని వంక చూడను కూడా చూడకుండా లేచి బయటికి వెళ్ళిపోయింది. పక్క మంచం దగ్గరావిడ పిల్లకి అన్నం పెట్టడం ఆపి ఇటు చూసింది.

ఎదీసా కుడిచేయి దుప్పటిలోంచి తీసి, చూపుడువేలుని బొటనవేలితో మెల్లగా రుద్దింది.

"అయితే నేను సరిగ్గానే నొక్కానన్నమాట."

"సరిగ్గానే నొక్కావు పెద్దమ్మా."

"ఆ చీటీ ఇటియ్యి."

ఇచ్చాడు. ఆవిడ దాన్ని తడిమి చూసి, అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి చింపింది. చేతుల్లో బలం లేక చాలాసేపు పట్టింది. ముక్కలు అతని చేతిలో పెట్టింది.

"నిన్ను క్షమించాననుకోకు" అంది. "ఆ సంగతి ఇంకా ఆలోచించలేదు. అబద్ధమాడినవి నీ కళ్ళైతే నా వేలుని అన్నన్ని మాటలన్నాను. ఇన్ని రోజులు దానికి ముద్ద కూడా ముట్టనివ్వలేదు, ఎడంచేత్తో తిన్నాను. తెలుసా నీకు?"

"తెలీదు."

"ఇప్పుడు తెలిసిందిగా. సరే, సరిచేశానంటున్నావు, వినాలి కదా. నా ఫోన్ ఇయ్యి. పుస్తకం తియ్యి."

అప్పుడు కూర్చున్నాడు. సంచిలోంచి పుస్తకం తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. ఎదీసా ఫోన్ చెవికి ఆనించుకుని మొదలుపెట్టింది. పేరు, ఊరు, రోజు. వేలు మెల్లగా కదిలింది గానీ ఎక్కడా తప్పిపోలేదు. ఫోన్ 'ఖాయం చేయి, బటన్' అంది. ఆవిడ పెదవులు కదిలాయి. నొక్కింది. 'మీ రోజు ఖాయమైంది' అంది ఫోన్.

"ఊఁ" అంది ఎదీసా. "రాసుకో. ఒకటి. ఖాయమైందంటోంది, బానే ఉంది. ఏ గుమ్మం దగ్గరికి రావాలో చెప్పడం లేదు. కళ్ళు లేనివాళ్ళు ఆసుపత్రి చుట్టూ ప్రదక్షిణలు చెయ్యాలా?"

పోన్సియానో రాశాడు. రెండు వరసలు పట్టింది.

"రెండోది రాయి" అంది.

రెండు అంకె వేసి చుక్క పెట్టి, కలం ఎత్తి పట్టుకున్నాడు. ఎదీసా వేలు ఫోన్ మీదే ఉంది. తల దిండు మీద కొద్దిగా పక్కకి తిరిగింది. ఆలోచిస్తోందనుకున్నాడు. మామూలు రోజైతే, త్వరగా చెప్పు పెద్దమ్మా, ఇంకా బోలెడు పనుందని తొందరపెట్టేవాడు. ఎన్నిసార్లు పెట్టలేదు? ఇవాళ పెట్టదలచుకోలేదు. ఎంతసేపైనా సరే కూర్చుంటాను, ఆవిడకి తోచినప్పుడే చెబుతుంది అనుకున్నాడు. కిటికీ బయట ఎండ గడ్డి మీదనుంచి గోడ మీదకి పాకింది. ఎవరో ఆరిన బట్టలు తీసుకుంటున్నారు. కలం పట్టుకున్న చెయ్యి తిమ్మిరెక్కితే రెండో చేతికి మార్చుకున్నాడు.

కగోయా వేణ్ణీళ్ళ ఫ్లాస్కు పట్టుకుని తిరిగొచ్చింది. మంచం దగ్గరికొచ్చి అత్తయ్య మొహం చూసింది. ఫ్లాస్కు కింద పెట్టి, ఆవిడ గడ్డం కింద రెండు వేళ్ళు ఆనించింది.

"ఎంతసేపయిందన్నా ఇలా?" అంది.

అతను కలం కింద పెట్టాడు.

నర్సు వచ్చింది. మంచం చుట్టూ తెర లాగింది. కగోయా ఏడవలేదు. అత్తయ్య చేతికిందనుంచి ఫోన్ తీసి, ఆ వేలుని మిగతా వేళ్ళతో కలిపి ముడిచి, దుప్పటిలో పెట్టింది. పోన్సియానోని ఉండమనీ అనలేదు, పొమ్మనీ అనలేదు. అతను లేచి తెర బయటికొచ్చి గోడకి ఆనుకున్నాడు.

పుస్తకం కుర్చీ మీదే తెరిచి ఉంది. పైన రెండు వరసల్లో గుమ్మం సంగతి, దాని కింద రెండు అంకె, పక్కన చుక్క, ఆ కింద పేజీ చివరిదాకా ఖాళీ గీతలు.