మందు పూసిన తీగ

తమ్ముణ్ణి ఆపరేషన్ గదిలోకి తీసుకెళ్లాక తలుపు మూసుకుంది. అక్క గోడకు చేరగిలబడింది. పక్కనే తమ్ముడి భార్య నిలబడింది.

గుండె రక్తనాళంలో పెట్టే స్టెంట్లు తయారుచేసే ఫ్యాక్టరీలో ఆమెది నునుపు పట్టే విభాగం. వెంట్రుకంత సన్నని లోహపు అల్లికను భూతద్దం కింద తిప్పి తిప్పి చూసి, ఎక్కడ గరుకు కనిపించినా పక్కన పడేసేది. ఇంట్లోవాళ్లు ఆమెను "గుండె డాక్టరమ్మ" అని ఆటపట్టించేవారు. ఆటపట్టించినా ఆమె మాట వాళ్లకు వేదవాక్కు. ఆ పేరు ఆమెకూ కాస్త తలకెక్కిందనే చెప్పాలి.

అందుకే, స్టెంటు వేయించుకున్న తమ్ముడు చిగుళ్ల నుంచి రక్తం వస్తోందని గొణిగినప్పుడు తడుముకోకుండా చెప్పేసింది. "రక్తం పలచబడే ఆ మాత్ర నెల వాడితే చాల్లేరా. ఈపాటికి తీగ మీద నాళం పొర కమ్మేసుంటుంది. మానెయ్."

ఆమె చేతుల మీదుగా పోయే ఉత్త లోహపు స్టెంట్లకైతే ఆ లెక్క ఇంచుమించు సరిపోయేది. తమ్ముడికి వేసింది మందు పూసినది. నాళం మళ్లీ పూడకుండా ఆపే ఆ మందే, తీగ మీద పొర కమ్మడాన్నీ ఆలస్యం చేస్తుంది. అందాకా అక్కడ రక్తం గడ్డకట్టకుండా మాత్రే కాపాడాలి. పూత వేసే విభాగం ఆమె పనిచేసే గదికి గోడ అవతలే ఉంది. ఏనాడూ అటు తొంగిచూసిన పాపాన పోలేదు. ఈ సంగతంతా ఇందాక డాక్టరు చెబితే తెలిసింది.

"మాత్ర ఎవరు మానమన్నారు?" అని ఆయన అడిగితే, స్ట్రెచరు మీద చెమటలు కక్కుతున్న తమ్ముడు ఆమె వైపైనా చూడకుండా, "నేనే మర్చిపోయానండీ" అన్నాడు. ఆమె తల దించుకుంది. వాడు బతికితే చాలు, ఇంకేం అక్కర్లేదని లోలోపల కొట్టుకుపోయింది.

తలుపు తెరుచుకుంది. డాక్టరు బయటికొచ్చాడు.

"గడ్డ తీస్తుంటే మళ్లీ కడుతోంది. ఇంకో స్టెంటు వెయ్యాలి. ఇప్పుడే ఏమీ చెప్పలేను."

మరదలు గబుక్కున ఆమె రెండు చేతులూ పట్టుకుంది.

"ఎలాంటిది వెయ్యమందాం వదినా? నువ్వు చెప్పు. నువ్వు చెప్తే నాకు ధైర్యం."

ఆమె చేతులు విడిపించుకోబోయింది. మరదలు వదల్లేదు.

"నన్నడక్కే," అంది. "మాత్ర మానమన్నది నేనే."

డాక్టరు ఆమెను ఒక్క చూపు చూసి లోపలికి వెళ్లిపోయాడు. మరదలు చేతులు వదిలేసి, మూసుకున్న ఆ తలుపు దగ్గర ఒక్కతే వెళ్లి నిలబడింది.