ఓర్ఫా పేరు మీద రాజీ

పాస్టర్ కోయ్ లిల్లార్డ్ చచ్చిపోయిన మా వాళ్లను కోళ్ల ఫ్యాక్టరీకి అమ్మాడు. ఇందులో వాదనకేమీ లేదు.

చంపింది ఫ్యాక్టరీ. మాంసం చల్లబరిచే గొట్టాల్లోంచి అమ్మోనియా కారితే గంట మోగాలి. గంట మోగినప్పుడల్లా పని ఆగుతోందని మేనేజరు దాన్ని కట్టేయించాడు. నా భార్య ఓర్ఫా, ఆమె పక్కన మాంసం కోసే ట్వైలా, ఇంకో ఇద్దరు మగవాళ్లు ఊపిరాడక పోయారు.

మా వెస్ట్ వర్జీనియా కొండల్లో చావు జరిగిన ఇంటివాళ్లు ఏ పనికీ చెయ్యి పెట్టరు. గొయ్యి ఇరుగుపొరుగు తవ్వుతారు. ఉడికించిన చిక్కుడు గింజలు, మొక్కజొన్న రొట్టె వాళ్లే తెస్తారు. కాగితాలు పాస్టర్ చూసుకుంటాడు. కోయ్ సంతకాలు పెట్టమన్నాడు, పెట్టాం. ఏం రాసుందని అడిగితే ఆయన్ని అవమానించినట్టే.

ఆకులు రాలే కాలానికి కోయ్ ఫ్యాక్టరీతో ఏదో బేరం కుదుర్చుకున్నాడని ఊళ్లో గుసగుసలు మొదలయ్యాయి. ట్వైలా తల్లి మోజెల్ మమ్మల్ని లాయరు రాట్లిఫ్ దగ్గరికి లాక్కెళ్లింది. ప్రమాదమైతే బీమా ఇచ్చింది పుచ్చుకుని ఊరుకోవాలని, తెలిసే ప్రాణం మీదికి తెచ్చారని రుజువైతే యజమానిని కోర్టుకీడ్చవచ్చని ఆ లాయరమ్మ చెప్పింది. కానీ ఆ దావా చచ్చిన మనిషి తరఫున నియమించిన ప్రతినిధే వెయ్యాలి. మేం సంతకం పెట్టింది కోయ్‌ను ప్రతినిధిని చెయ్యడానికి. ఎవరి తప్పూ లేదని, ఇకపై ఎవరూ నోరెత్తకూడదని ఆయన ఫ్యాక్టరీతో రాజీ పడ్డాడు.

“ఆ రాజీకి జడ్జి ఒప్పుకోవాలి. ఆ రోజు వెళ్లి కాదనండి. అదొక్కటే దారి” అంది.

అగ్నిమాపక కేంద్రం హాల్లో మీటింగు పెట్టాం. కోయ్ కూడా వచ్చాడు.

“ఫ్యాక్టరీ మూస్తే ఈ లోయలో ఎవరు తింటారు? నేను బతికున్నవాళ్ల గురించి ఆలోచించాను” అన్నాడు.

చాలామంది తలలూపారు. ఏళ్ల తరబడి ఓర్ఫాతో ఒకే కారులో పనికెళ్లినవాళ్లు వాళ్లలో ఉన్నారు. ఎవరెవరో నాకు గుర్తుంది.

“ఆలోచించావులే పాస్టరూ” అంది మోజెల్. “నా పిల్ల గోతిమీద మట్టి ఆరకముందే బేరానికెళ్లావు. దారి తెలిసినవాడివి.”

ఆడవాళ్లు కొందరు నవ్వారు. మగవాళ్లు అరిచారు. మిషన్లు బాగుచేసే వర్జిల్ గొడవ సద్దుమణిగేదాకా ఆగాడు.

“గంట ఇంకా కట్టేసే ఉంది.”

ఏమన్నావని ఎవరో అడిగారు.

“బాగుచేస్తానంటే కేసు తేలేదాకా ముట్టుకోవద్దన్నారు. చేస్తే తప్పు ఒప్పుకున్నట్టట.”

అంతదాకా కోయ్ వైపు తలూపిన ఒకామె లేచింది. “అయితే రేపు నేను పోతే నా కాగితాలెవరు చూస్తారు పాస్టర్ గారూ? మీరేనా?”

ఆయన బైబిలు చంకలో పెట్టుకుని వెళ్లిపోయాడు. ఎవరూ ఆపలేదు.

విచారణ రోజు పొద్దున్నే ఫ్యాక్టరీలో పని ఆగింది. రబ్బరు బూట్లతో, తలకు వలలతో కూలీలంతా కోర్టుకొచ్చారు. కుర్చీలు చాలక గోడల వెంట నిలబడ్డారు. రాజీ మీద అభ్యంతరం ఉన్న వారసులు లేవమన్నాడు జడ్జి. నేను, మోజెల్, మిగతా రెండు ఇళ్లవాళ్లు లేచాం. బెంచీల మీదున్న కూలీలూ లేచారు.

“వారసులు కానివాళ్లు కూర్చోండి” అన్నాడు జడ్జి.

“ఆ గంట కింద పనిచేసేది మేం అయ్యా” అన్నాడు వర్జిల్. “కూర్చోం.”

ఎవరూ కూర్చోలేదు. జడ్జి రాజీ కొట్టేశాడు, కోయ్‌ను తొలగించాడు. ఇప్పుడు ఏ ఇంటికి ఆ ఇంటివాళ్లే ప్రతినిధులు. మర్నాడు ఫ్యాక్టరీ పని ఆపినవాళ్లను గేటు దాటనివ్వలేదు. వాళ్లు కదల్లేదు. షెరీఫ్ వర్జిల్‌ను, ఇంకా కొందరిని బేడీలు వేసి తీసుకెళ్లాడు. ఖాళీ అయిన చోట్ల వాళ్ల ఆడవాళ్లు వచ్చి నిలబడ్డారు. మంచు పడుతున్నా ఇంకా అక్కడే ఉన్నారు.

విచారణ అయిన రోజు కోర్టు మెట్ల మీద కోయ్ నాకు చెయ్యి చాచాడు. నా బాధ దేవుడికి తెలుసన్నాడు. పక్కనుంచి దిగిపోయాను.

కూలీలూ, చదువుకునే పిల్లలూ అడిగారు కనుక చెప్పాను. గంట సంగతి గేటు దగ్గరైనా కోర్టులోనైనా ఎన్నిసార్లయినా చెబుతాను. కోయ్ సంగతి ఇదే మొదలు, ఇదే చివర. నన్ను మళ్లీ అడగకండి. చెప్పను.