పెట్రోలు డబ్బా మూత

దసరా మరునాడు పొద్దున కామాఠిపురాలో వరస గదుల చాల్ వాకిట్లో నీళ్ల డ్రమ్ముకు పడవ మోటారు బిగించి తాడు లాగుతున్నాడు లచ్చయ్య మేస్త్రీ. మోటారు దగ్గింది, అంతే. మళ్లీ లాగాడు. ఈసారి దగ్గనూ లేదు.

ఆ డ్రమ్ములోవి జనం వాడుకునే నీళ్లు. పై అంతస్తు ఆడవాళ్లు గ్యాలరీ మీంచి వంగి తిడుతున్నారు.

"మీ మోటారుకు తానం మా నీళ్లతోనేనా మేస్త్రీ?"

"ఆగుండ్రమ్మా! ఒక్కసారి లేస్తే తీసుకపోతం."

క్రీకు మీద, అంటే సముద్రపు పాయ మీద, కడుతున్న వంతెన పనికి తన కింది పాలమూరు కూలీలను ఒడ్డు నుంచి నీళ్లలో ఉన్న పిల్లర్ల దగ్గరికి తీసుకెళ్లే పడవ మోటారు అది. పండగ సెలవులకు జెట్టీ దగ్గర వదిలేస్తే తెల్లారేసరికి ఉండదు. అందుకే లచ్చయ్య ఇంటికి తెప్పించుకున్నాడు. తాపీలు, రసమట్టం, గునపాలతో పాటు దానికీ నిన్న దసరా పూజ చేశాడు. పొద్దున టెంపో వచ్చేలోపు నడిపి చూద్దామనుకున్నాడు. మొదట బాగానే లేచింది. చాయ్ చల్లారకముందే ఆగిపోయింది. ఇక లేవనంటోంది.

పక్కన నిలబడ్డవాడు నిలేష్. పడవ నడిపేది వాడే. ఇదే చాల్‌లో కింది గది, మల్లవ్వ కొడుకు.

"కాకా, ఎర్ర తాడు క్లిప్ బరాబర్ ఉన్నది. అది ఊడితేనే మోటార్ లేవది. నేను చూసిన."

"నువ్వు చూసుడే చూసుడు! జరుగు."

లచ్చయ్య ప్లగ్గు విప్పాడు. ఇనుముకు ఆనించి తాడు లాగితే నీలిమంట చిటపటలాడింది. కరెంటు బాగానే ఉంది. ప్లగ్గు కొస మాత్రం పొడిగా ఉంది. పెట్రోలు అక్కడిదాకా రావడం లేదు. పెట్రోలు డబ్బా నుంచి మోటారుకు వచ్చే గొట్టం మధ్యలో రబ్బరు బుడ్డ ఉంటుంది, పిసికితే పెట్రోలు ఎక్కాలి. పిసికాడు. అది చప్పిడై అట్లాగే ఉండిపోయింది, మళ్లీ ఉబ్బలేదు. ఇంత చెబుతోంది మోటారు. వినే ఓపిక మేస్త్రీకి లేదు. పైనుంచి నవ్వులు వినబడుతున్నాయి. లచ్చయ్య చేతిలో మిషను మొండికేయడం ఈ చాల్ ఎప్పుడూ చూడలేదు.

"డబ్బా నింపింది ఎవడ్రా?"

"నేనే."

"నింపినవా? అమ్ముకొని నీళ్లు కలిపినవా?"



"కాయ్ బోల్తోస్ కాకా? తోండ్ సంభాళ్!" ఏం మాటలవి, నోరు అదుపులో పెట్టుకో అని మరాఠీలో ఎగిరాడు నిలేష్.

"మన మాటల చెప్పు! మరాఠీల చేస్తే దొంగతనం దొంగతనం కాదా?"

నల్లా దగ్గర గిన్నెలు తోముతున్న మల్లవ్వ లేచింది. "లచ్చన్నా, నోరు జారకు. సూపెట్టి మాట్లాడు."

లచ్చయ్య చూపలేదు. ఫోను తీశాడు. అందరికీ వినబడేటట్టు స్పీకరు పెట్టి సైటు సూపర్‌వైజరుకు చెప్పేశాడు. పెట్రోలులో నీళ్లున్నాయి, నిలేష్ చేసిన పని. అవతల సూపర్‌వైజరు హిందీలో తేల్చేశాడు. వాణ్ణి జెట్టీ మీదికి రానివ్వొద్దు, ఇంకొకణ్ణి పెడతాను.

కూలిలో కోత కోసే కాంట్రాక్టరును మనం సాహెబ్ అంటాం. అవతలి గదివాడి మీద అనుమానం వస్తే చాలు, దొంగ అంటాం. గొంతు అప్పుడే లేస్తుంది మనకు.

నిలేష్ భుజం మీది లైఫ్ జాకెట్ తీసి డ్రమ్ము అంచున వేశాడు. తల్లి వైపు కూడా చూడకుండా గల్లీలోకి వెళ్లిపోయాడు.

"ఇగ సూడుర్రి సాక్ష్యం!" అన్నాడు లచ్చయ్య. పెట్రోలు గాజు సీసాలోకి వంపితే నీళ్లు అడుగుకు దిగుతాయి, అందరికీ కనబడతాయి. డబ్బా మూత తిప్పాడు.

స్స్‌మని గాలి లోపలికి దూరింది. చప్పిడై ఉన్న రబ్బరు బుడ్డ అతని కళ్లముందే మెల్లగా ఉబ్బింది.

మూత చేతిలోకి తీసుకుని చూశాడు. గాలి పోవడానికి దాని నడుమ సూదిమొన అంత రంధ్రం ఉండాలి. లేదు. దాని మీద పసుపు, ఆ పసుపు మీద కుంకుమ బొట్టు. రాత్రికి రాత్రి ఎండి సిమెంటులా బిగిసింది. పూసింది తనే. కడవైనా, కాంక్రీటు మిక్సరైనా, ముందు నోటికే పసుపు పూయడం తన తాత నాటి నుంచి వచ్చిన పద్ధతి. మోటారు తాగే నోరు ఇదే కదా అని ఇంత మందాన పట్టించాడు. గాలి లోపలికి పోకపోతే పెట్రోలు బయటికి రాదు.

సీసాలోకి వంపాడు. పైనుంచి అడుగుదాకా ఒకటే రంగు. చుక్క నీరు లేదు.

జనానికి వీపు తిప్పి, గోటితో ఆ పసుపు గీకాడు. మూత బిగించి, బుడ్డ పిసికి, తాడు లాగాడు. మోటారు ఒక్క గుంజుకే లేచింది.

"గదీ మేస్త్రీ అంటే! చెయ్యి పడితె లేవాల్సిందే!" పైనుంచి చప్పట్లు.

లచ్చయ్య మోటారు ఆపాడు. చెప్పాలి. మల్లవ్వ సీసా వైపు చూస్తోంది. ఆమెను దాటి గల్లీలో పడ్డాడు.

ఫాక్‌లాండ్ రోడ్డు మూల చాయ్ బండి దగ్గర కూర్చున్నాడు నిలేష్.

"నిల్యా... పెట్రోల్ల నీళ్లు లేవు. మూత తూటు పసుపుతోటి మూసుకపోయింది. పూసింది నేనే."

నిలేష్ తల ఎత్తలేదు. "గిది నాకెందుకు చెప్తున్నవ్ కాకా? నేను దొంగను కానని నాకెరుకే గదా."

"రా, ఇంటికి పోదాం."

"నువ్వు పో. ముందుగాల నువ్వు పో."

లచ్చయ్య ఒక్కడే వెనక్కి నడిచాడు. వచ్చేటప్పుడు ఆ గల్లీ ఇంత పొడుగని తెలియలేదు. వాకిట్లో టెంపో వచ్చి హారన్ కొడుతోంది. డ్రమ్ము పక్కన నిలబడి మళ్లీ ఫోను చేశాడు, మళ్లీ స్పీకరు పెట్టాడు. తప్పు నాదని హిందీలో చెప్పాడు.

"సరే సరే, మోటారు నడుస్తోంది కదా. కొత్తవాడికి చెప్పేశాను, తర్వాత చూద్దాం," అన్నాడు సూపర్‌వైజరు.

"తర్వాత కాదు సాబ్. నేను అబద్ధం చెప్పాను. నిలేష్ నడపకపోతే ఆ పడవలో నా మనుషులు ఎక్కరు. నేనూ ఎక్కను."

అవతల ఫోను పెట్టేశారు. ఒప్పుకున్నట్టో కాదో తెలియదు.

గ్యాలరీలో ఆడవాళ్లు ఇంకా అక్కడే ఉన్నారు. వాళ్లకు హిందీ రాక కాదు, కానీ దొంగ అన్న మాట తెలుగులో అన్నాడు, వెనక్కి తీసుకోవాల్సిందీ తెలుగులోనే. లచ్చయ్య నేలచూపులతో గొణిగాడు. "నిల్యా తప్పు లేదు... మూతకు నేను..."

మల్లవ్వ తోముతున్న గిన్నె ఆపలేదు.

"ఇనబడ్తలేదు లచ్చన్నా. నాకే ఇనబడ్తలేదు, పై అంతస్తోళ్లకేం ఇనబడ్తది?"

టెంపోవాడు మళ్లీ హారన్ కొట్టాడు. లచ్చయ్య చేయెత్తి ఆగమన్నాడు. తల పైకెత్తి, గ్యాలరీ వైపు చూస్తూ, మొదటి నుంచి గట్టిగా చెప్పడం మొదలుపెట్టాడు.